అడగని చుట్ట

ఆసుపత్రిలో నన్ను అడిగిన ప్రశ్నకు నేను నిజమే చెప్పాను. ఆ నిజంతోనే నా కుడికాలు మోకాలి కిందినుంచి పోబోయింది.

ఇప్పుడు జ్యేష్ఠం. కాలు ఉంది. పాదానికి నాలుగు వేళ్లు మిగిలాయి, ఐదోది ఉండాల్సిన చోట చర్మం లేతగా, గులాబీరంగులో కమ్ముకుంది. డాక్టరు ఇక నెలకొకసారి కనబడితే చాలన్నాడు. అయినా తెల్లారి లేవగానే దుప్పటి ఎత్తి పాదం ఉందో లేదో చూసుకుంటున్నాను. రాసి పెడితే ఆ బెరుకు తగ్గుతుందేమో చూద్దామని ఈ కాగితాలు పట్టాను. మానని పుండుతో ఏ ఆసుపత్రి బెంచీమీదో కూర్చున్నవాడికి అక్కరకొస్తే అదీ మంచిదే.

నాకు డెబ్భై నాలుగు. మాది వంశధార ఒడ్డున, శ్రీముఖలింగానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఊరు. వరి, గోగు, మెట్టమీద కాస్త చోడి, అంటే రాగి. నాకు బడి చదువు లేదు. ఇరవై దాటాక కిరాణా పొట్లాల కాగితాలమీదా, క్షవరం బడ్డీలో పేపరుమీదా కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఎందుకు నేర్చుకున్నానో తర్వాత చెబుతాను.

కార్తీకం

గోగు కోసిన చేలో నడుస్తుంటే నరికిన మొదలొకటి చిటికెన వేలి పక్కన గీరింది. రక్తం పెద్దగా రాలేదు. రాకపోవడమే అనుమానించాల్సిన సంగతని అప్పుడు తెలియదు. అన్నిటినీ అనుమానించే నేను దాన్నొక్కదాన్నే నమ్మాను. పసుపు రాసి ఊరుకున్నాను. నెల తిరిగేసరికి అక్కడ రూపాయి బిళ్లంత గుంట పడింది. అంచులు తెల్లగా, లోపల బూడిదరంగు.

అంతకు ముందు ఏడాదిగా పిక్క పట్టేస్తుండేది. ఇంటినుంచి ఏటిగట్టు దాకా ఒక్క ఊపున పోయేవాణ్ని, మధ్యలో ఒకసారి ఆగడం మొదలైంది, తర్వాత రెండుసార్లు. కాసేపు నిలబడితే సర్దుకునేది. ఊళ్లో అందరిదీ ఒకటే మాట: "నరం పట్టేసినాది." మాకు ఒంట్లో దారంలా ఉండేదల్లా నరమే. నెత్తురు పారేదీ నరమే, నొప్పి తెలిసేదీ నరమే, కండని ఎముకకి కట్టేదీ నరమే. అందుకని శ్రీకాకుళం వెళ్లి నరాల డాక్టరు ఎక్కడని అడిగాను. అడిగినదే చూపించారు.

ఆయన మర్యాదస్తుడు. సుత్తితో మోకాలు కొట్టాడు, పాదాన్ని దూదితో తాకి తెలుస్తోందా అన్నాడు, పిక్క సంగతి విని బలానికి మాత్రలు రాశాడు. పుండు చూపిస్తే అది వేరే డాక్టరుకి చూపించుకోమన్నాడు. "మీ నరాలు బాగానే ఉన్నాయి" అన్నాడు చివరికి. నరాలు బాగున్నాయంటే నెత్తురు బాగా పారుతోందని నేను అర్థం చేసుకున్నాను. నెత్తురు బాగుంటే పుండు దానంతటదే మానుతుంది, వేరే డాక్టరెందుకనుకున్నాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు. నేను విన్నదీ అబద్ధం కాదు. మధ్యలో మాట మోసం చేసింది. ఆ మాటతో రెండు నెలలు పోయాయి.

మాఘం

వేలు నల్లబడింది. మంచం మీద కాలు చాపితే మంట, కిందికి వేలాడేస్తే కాస్త నయం. అలా కుర్చీలోనే కాలు వేలాడేసుకుని రోజులు వెళ్లదీస్తుంటే మా అబ్బాయి గణపతి చూసి చూసి ఆటో తెచ్చాడు. వాడు రైసుమిల్లులో కాటా దగ్గర పని చేస్తాడు. ఎక్కువ మాట్లాడడు. ఎక్కువ మాట్లాడని వాళ్లమీద నాకు మొదటినుంచీ అనుమానమే, కన్నకొడుకైనా సరే. నా భార్య సూరమ్మ బట్టల సంచీ సర్దుకుని ముందే ఎక్కి కూర్చుంది. ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం వెళ్లాం.

ఆసుపత్రి పేరు రాయను. మంచీ చెడూ రెండూ రాస్తున్నాను గనుక ఎవరికీ బాకా ఊదినట్టు ఉండకూడదు. వేచి ఉండే గదిలో నలభైమంది, ఇరవై కుర్చీలు. ప్రతివాడి కాలికీ ఒక కట్టు. ఎవరి వంతు ఎప్పుడో తెలియదు. నా తర్వాత వచ్చిన ఇద్దరు నాకంటే ముందు లోపలికి వెళ్లారు. నేను లెక్క పెట్టుకున్నాను. నా పక్కన ఒకావిడ, ఎవరో ఏమో, తన అన్నం క్యారేజీ సంచీ ఎత్తిపెట్టి నా కాలి కింద ఆనించింది. "ఏలాడితే బరువు బాబూ" అంది. అంతే. మళ్లీ నావైపు చూడలేదు. ఆ గదిలో నేను అనుమానించని మనిషి ఆవిడొక్కతే.

పేరు రాసుకునే బల్ల దగ్గర గుమాస్తా తల ఎత్తకుండా అడిగాడు.

"సిగరెట్లు అలవాటుందా?"

"లేదు."

పొగ అలవాటు అన్న గడిలో 'లేదు' అని రాశాడు. నేను తలకిందులుగా చదివాను.

డాక్టరు నలభై ఏళ్లవాడు. పక్క వేలి గోరు నొక్కి వదిలాడు. తెల్లబడ్డది తెల్లగానే ఉండిపోయింది. చీలమండ మీద పెన్నులాంటిది ఆనించి చప్పుడు విన్నాడు. నాకూ వినబడింది, దూరంగా ఎక్కడో గాలి వీస్తున్నట్టు.

"పెద్ద రక్తనాళం మూసుకుపోయింది పెద్దాయనా. దాన్ని తెరవొచ్చు. కానీ కింద చర్మంలో సన్న నాళాలు చచ్చిపోయి ఉంటే తెరిచీ లాభం లేదు. వేలు తీసినా ఆ గాయం మానదు, మళ్లీ పైకి కొయ్యాలి. ఒక్కసారే మోకాలి కింద తీసేస్తే మనిషి దక్కుతాడు."

నేను కాదని లేచాను. గుమ్మం దాటాక గణపతి వెనకే ఆగిపోయాడు. తలుపు సందులోంచి వాడి గొంతు వినబడింది.

"మనిషి మిగిల్తే సాలు సార్. తీసెయ్యాలంటే తీసెయ్యండి."

మిగతా మాటలు వినడానికి నేను ఆగలేదు. మూడు రోజులు వాడితో మాట్లాడలేదు.

నా కోపానికి మూలం చెప్పాలి. నాకు పదకొండేళ్లప్పుడు మా నాన్నకి పాదం మీద పుండు. ఏ ఊరి ఆసుపత్రో అనవసరం, ఆ ఇల్లూ లేదు, ఆ మనుషులూ లేరు. ఒకడు కాగితం తెచ్చి, మందుల కోసమని చెప్పి, నాన్న బొటనవేలు సిరాలో ముంచి దానిమీద ఒత్తించాడు. "ఏటి రాసుందిరా?" అని నాన్న నన్నడిగాడు. "తెలవదు" అన్నాను. మర్నాడు నాన్నకి మెలకువ వచ్చేసరికి కాలు లేదు. ఆ తర్వాత పదహారేళ్లు బతికాడు. ఆ కాగితం సంగతి నా దగ్గర ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తకపోవడమే నన్ను తిన్నది. అక్షరాలు నేర్చుకున్నది అందుకు. అప్పట్నుంచి చదవకుండా దేనిమీదా సంతకం పెట్టలేదు. కరెంటు రసీదు కూడా వెనకా ముందూ చూసే మడతపెడతాను.

మొదటి పరీక్ష

ఆ రాత్రి వార్డులో ఉంచారు, మర్నాడు ఇంకో పరీక్ష ఉందన్నారు. కోసేవాళ్లకి మళ్లీ పరీక్ష ఎందుకు? కొయ్యడానికి ముందే నిర్ణయించుకుని, ఒక కాగితం సాక్ష్యం తయారు చేసుకుంటున్నారని నా లెక్క.

ఆ రోజు పొద్దున్న ఆసుపత్రి వెనక గోడ దగ్గర ఎండలో కూర్చున్నాం, సూరమ్మా నేనూ. సూరమ్మ నా మేనమామ కూతురు. పెళ్లయి యాభై రెండేళ్లయినా నన్ను బావా అనే పిలుస్తుంది. నా మొహం చూసి కొంగు ముడి విప్పింది.

"ఒక్క దమ్ము లాగు బావా."

అది అడ్డచుట్ట, అడ్డపొగ అని కూడా అంటారు. తెలియని వాళ్ల కోసం చెబుతాను: నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. మా వైపు ఆడవాళ్లకే ఎక్కువ అలవాటు, మగవాళ్లలో నాలాంటి పాతవాళ్లకి. నేను పడవమీద నేర్చాను, ఏటిగాలికి నిప్పు ఆరదని. చూసేవాడికి నిప్పు కనబడదు, బుగ్గ లోపలికి పోవడమొక్కటే కనబడుతుంది. కాపలావాడు మా ముందునుంచే రెండుసార్లు తిరిగాడు. ఒక చుట్ట ఇద్దరం పంచుకున్నాం. తర్వాత నేను లవంగం నమిలాను. ఈ లవంగం మాట గుర్తుంచుకోండి, నేను మరీ అమాయకుణ్ని కాదని దానివల్లే తెలుస్తుంది.

పరీక్ష చేసేది రమణమ్మ అనే ఆవిడ. యాభై ఏళ్లుంటాయి. ఊరు శృంగవరపుకోట దగ్గరట. చిన్న గదిలో మంచం మీద పడుకోబెట్టి గొంతు దాకా దుప్పటి కప్పింది. చేతిలో చొక్కా బొత్తాం లాంటివి, ఒక్కోదానికి ఒక తీగ.

"పొద్దున్నించి సిగరెట్టు గానీ బీడీ గానీ తాగినావేటి బాబాయ్?"

"లేదు."

"ఇది నొప్పి పెట్టదు. కూసింత ఏడెక్కుతాది, అంతే."

"ఏటి సేస్తాదమ్మా ఇది?"

"సర్మంలో ఎంటిక కన్నా సన్నం రక్తనాళాలుంటాయి. ఆటి కాడికి ప్రాణవాయువు ఎంత వస్తందో సెప్తాది."

"కొయ్యకుండా, గుచ్చకుండా, పైనుంచే?"

"పైనుంచే. ఏడికి సర్మం మెత్తబడి లోపలిది బయటికి సెమరుస్తాది. గెడ్డలో నీళ్లున్నాయా అని సూసేది నిన్న డాక్టరుగారు సేసిన పరీక్ష. మడిలో తడి దిగిందా అని సూసేది ఇది."

నా పంచె చూసి మడి ముచ్చట తీసిందని నాకు తెలుసు. సిమెంటు మేస్త్రీ అయితే గోడ నానడం గురించి చెప్పేది. అయినా మాట బాగుంది. గెడ్డంటే మా వైపు వాగు; గెడ్డ నిండా నీరున్నా మడి ఎండిపోయిన ఏళ్లు నేను చూశాను.

బొత్తాం ఒకటి గుండెమీద, ఒకటి మోకాలి కింద, ఒకటి పాదం మీద అంటించింది. మాట్లాడకుండా కదలకుండా పడుకోమంది. వెచ్చగా చీమ పాకినట్టుంది. తెరమీద అంకెలు దిగుతూ ఎక్కుతూ ఉన్నాయి. గుండె దగ్గర యాభై ఎనిమిది. మోకాలి కింద నలభై నాలుగు. పాదం మీద ఇరవై రెండు దగ్గర ఆగి ఇక కదల్లేదు. రమణమ్మ మొహం కూడా కదల్లేదు.

డాక్టరు ఆ కాగితం చూసి ముప్పై కింద పెన్నుతో గీత గీశాడు. "పాదం దగ్గర కనీసం ఇక్కడికి వస్తే ప్రయత్నం చేసేవాణ్ని. రాలేదు. మోకాలి కిందే. ఎల్లుండి."

ఇరవై రెండు. ముందే రాసిపెట్టుకున్న అంకె అనుకున్నాను. నాన్న బొటనవేలికి సిరా పూసినవాడి బదులు ఇప్పుడొక తెర వచ్చింది, అంతే తేడా.

అదే సాయంత్రం

నేను వార్డులో గోడవైపు తిరిగి పడుకున్నాను. సూరమ్మ వెనక గోడ దగ్గరికి వెళ్లింది. రమణమ్మ డ్యూటీ దిగి అటుగానే పోతూ, బుగ్గలు లోపలికి పోయిన ఆడమనిషిని చూసి ఆగింది. వాళ్లమ్మదీ అదే బుగ్గట. తర్వాత సూరమ్మే చెప్పింది వాళ్ల మాటలు.

"పిన్నీ, అడ్డపొగేటి?"

"దొంగతనం కాదు కదమ్మా. ఏటి సేద్దును, రేపెల్లుండిలో నా మొగుడి కాలు తీసెత్తారు."

"బాబాయ్ కూడా తాగుతాడేటి?"

"అతను తాగకపోతే నాకెక్కడిది? పొద్దున్న గదిలోకెల్లే ముందు ఇద్దరం ఒక్కదాన్నే లాగినాం."

రమణమ్మ ఇంటికి పోవడం మానేసి మెట్లెక్కి వచ్చింది. నా మంచం పక్కన నిలబడింది. ఆయాసపడుతోంది.

"సిగరెట్టు తాగలేదన్నావు."

"తాగలేదు."

"బీడీ?"

"తాగలేదు. నువ్వడిగినవి రెండే."

"సుట్ట?"

నేను గోడవైపు చూశాను.

"ఏటి బాబాయ్, కోర్టులో ఉన్నావేటి? నానేటి ప్లీడర్నా, మాటకి మాట కొలిసి సెప్పడానికి? సుట్ట పొగకి నీ పాదంలో సన్న నాళాలు బిగుసుకుపోతాయి. ఇగ నా అంకెకి నిజం ఎక్కడినుంచి వస్తాది?"

ఇన్నాళ్లూ వాళ్లు నన్ను మోసం చేస్తారని కాపలా కాశాను. యంత్రాన్ని మోసం చేసింది నేను. ఆ మోసంతో నా కాలే పోతోంది.

"నీకు సెప్పకపోడం నాదే తప్పు" అన్నాను.

రమణమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "నాదీ తప్పే. మాయమ్మ అరవై ఏళ్లు అడ్డపొగ తాగి, నోట్లో పుండు లేసి పోయింది. ఈ పెపంచకంలో మనోలు ఏం తాగుతారో నాకు తెలీదేటి? పట్నం ప్రశ్న వేసినాను, పట్నం జవాబొచ్చింది." దుప్పటి సరిచేస్తూ అంది: "రేపు మొత్తం ముట్టకు. ఎల్లుండి పొద్దున్న మళ్లీ పెడదాం. డాక్టరుగారితో నాను సెప్తాను. పెరుగుతాదని మాట మాత్రం ఇవ్వను. పెరక్కపోతే ఆయన సెప్పిందే."

ఇది చదివేవాళ్లకి నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. అడిగినదానికే జవాబు చెప్పి గెలిచాననుకోకండి. చుట్టో, ఖైనీయో, గుట్కానో, నాటువైద్యుడి పసరో, వాళ్ల ప్రశ్నలో పేరు లేకపోయినా మీ అంతట మీరు చెప్పండి. వాళ్లని అనుమానించవద్దని నేననను, నేనిప్పటికీ అనుమానిస్తాను. మిమ్మల్ని కూడా ఆ లెక్కలో వేసుకోండి.

రెండో పరీక్ష

ఆ ఒకటిన్నర రోజు ఎలా గడిచిందో రాయలేను. నోరు పిడచకట్టింది. కనబడ్డవాణ్నల్లా తిట్టాను. గణపతి కమలాపళ్లు వలిచి తొన తర్వాత తొన నా చేతిలో పెట్టాడు. నేను తిన్నాను.

ఈసారి రమణమ్మ ఇంకో దుప్పటి తెచ్చింది, మొదటి రోజు నా ఒళ్లు చల్లగా ఉందని. "అది కూడా కొంత కారణం అయ్యుంటాది, అంతా సుట్ట మీదకే తొయ్యకు" అంది. బొత్తాలు అంటించింది. నేను తెరవైపు చూడకూడదనుకున్నాను. చూశాను. పాదం అంకె పద్దెనిమిదికి దిగింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఇరవై ఐదు. ఇరవై తొమ్మిది. అక్కడ చాలాసేపు నిలబడిపోయింది. నేను ఊపిరి బిగబట్టాను.

"ఊపిరి తియ్యి బాబాయ్. నువ్వు తియ్యకపోతే దానికెక్కడిది?"

తీశాను. ముప్పై మూడు. ముప్పై ఆరు. అక్కడ ఆగింది.

డాక్టరు వచ్చి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "వేలు తీసి, పెద్ద నాళం తెరిచి చూస్తాను. పాదం నిలవొచ్చు. హామీ ఇవ్వను."

ఆ ఆసుపత్రిలో నేను నమ్మిన మొదటి మాట అదే. హామీ ఇచ్చి ఉంటే లేచిపోయేవాణ్ని.

కాగితం

సంతకానికి కాగితాలు తెచ్చారు. కళ్లజోడు పెట్టుకుని మొదటి అక్షరంనుంచి చదివాను. నర్సు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. ఒక చోట 'కుడి కాలు, శస్త్రచికిత్స' అని ఉంది. డాక్టరుని పిలిపించాను.

"కాలంటే తొడనుంచి గోరు దాకా కాలే. ఎక్కడిదాకానో రాయండి."

ఆయన విసుక్కోకుండా 'తీసేది కుడి పాదం చిటికెన వేలు మాత్రమే' అని రాసి పక్కన తన సంతకం పెట్టాడు. పెన్ను నాకిస్తూ అన్నాడు: "మీకూ మీ అబ్బాయికీ ఒకటే పట్టు. మొదటి రోజు తీసెయ్యండన్నవాడు మళ్లీ వెనక్కి తిరిగి, ఆఖరి పరీక్ష ఏదైనా మిగిలిందేమో చూడండి సార్, మా నాన్నకి కాలంటే వేరే కథ ఉంది, అని గంటసేపు గుమ్మంలో నిలబడ్డాడు. ఈ పరీక్ష పెట్టించింది అతనే."

గణపతి కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. నేను తలుపు దగ్గర ఆగకుండా వచ్చేసిన మిగతా మాటలు అవన్నమాట.

"ఒరే" అన్నాను. తిరిగాడు. "కమలాపళ్లున్నాయేట్రా ఇంకా?"

"తెస్తాను నాన్నా" అని వెళ్లాడు.

సంతకం పెట్టబోతూ, అలవాటుకొద్దీ వెనక్కి తిప్పి మొదటి కాగితం మళ్లీ చూశాను. 'పొగ అలవాటు: లేదు.' నాన్న కాగితం మీద అబద్ధం ఇంకొకడు రాశాడు, చదవలేక మేము వేలు ఒత్తాం. ఈ కాగితం మీద అబద్ధం నాది, నేను చదువుతుండగానే ఎక్కింది. 'లేదు' మీద అడ్డంగా గీత కొట్టాను. పైన ఖాళీలో నా దస్తూరీతో రాశాను: అడ్డచుట్ట, యాభై ఆరేళ్లుగా. తర్వాత సంతకం పెట్టాను.

మంచం అవతల సూరమ్మ నా చెయ్యి కదలడమే చూస్తోంది. ఆమెకి చదువు రాదు.

"ఏటి బావా, సంతకానికి అంతసేపేటి?"

"నా సుట్ట సంగతి రాసినాను."

ఆమె చెయ్యి కొంగు ముడిమీదికి పోయింది. "నానిచ్చినానని కూడా రాసినావేటి?"

"ఎవులిచ్చారని కాగితంలో అడగలేదు. అడగందానికి నాను జవాబు సెప్పను."

సూరమ్మ కొంగు ముడి విప్పింది. లోపలున్న రెండు చుట్టలూ నా దుప్పటి మీద పెట్టింది.

"నన్ను కూడా ఎవులూ అడగలేదు గానీ సెప్తన్నాను" అంది. "సంచీలో ఇంకో నాలుగున్నాయి."